గిటార్ మీద ఏ మైనర్ (Am) కార్డ్ పట్టుకుంటున్నాను, కానీ మైనర్‌లా వినిపించట్లేదు. తప్పెక్కడ?

లెక్కలమనిషి:

నమస్తే అండి. గిటార్ మొదలుపెట్టి ఏడు వారాలు. వయసు 47. గిటార్ నాది కాదు, మా అమ్మాయిది. తను పై చదువుకి వెళ్తూ గోడకి ఆనించి వెళ్ళింది. రెండేళ్ళు దాని దుమ్ము తుడిచి తుడిచి, ఒకరోజు ఒళ్ళోకి తీసుకున్నాను. తీగలు కొత్తవి వేయించాను. రోజూ ట్యూనర్ పెట్టి సరిచేసుకుంటాను. కాబట్టి "ముందు ట్యూన్ చెయ్యండి" అనే సలహా ఒక్కటి మినహాయించండి.

కార్డ్స్ అంటే కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్లు కదా, నా ఇబ్బంది వాటిలో మైనర్ కార్డ్స్‌తో. వచ్చినవి మూడు: ఈ మైనర్ (Em), ఏ మైనర్ (Am), డి మైనర్ (Dm). మేజర్‌లో ఈ, ఏ, డి, సి వచ్చు. జి కూడా వచ్చనే అనుకోండి, దానికి మారేసరికి పాట అయిపోతుంది.

ఈ మైనర్ వాయిస్తే ఏదో అవుతుంది. సాయంత్రం గదిలో దీపం వెయ్యకముందు ఉండే వెలుతురు లాంటిది. ఈ మేజర్ పక్కన పెట్టి వింటే తేడా నాకే తెలుస్తోంది. ఏ మైనర్ వాయిస్తే మాత్రం ఏమీ అవదు. ఏ మేజర్‌కీ దానికీ తేడా లేకపోలేదు, కానీ అందరూ చెప్పే సంతోషం, విషాదం తేడా కాదది. నిండు బిందెకీ ఖాళీ బిందెకీ ఉన్న తేడా. డి మైనర్ మరీ అన్యాయం. కళ్ళు మూసుకుని ఇది డి మేజరా మైనరా అంటే వాయించిన నేనే చెప్పలేను.

వీడియోలో పాఠం చెప్పే ఆయన "మైనర్ అంటే బాధ, ఆ బాధని ఫీలవండి" అంటాడు. నేను ఫీలవుతున్న బాధల్లా వేలి కొసల్లోనే ఉంది.

ఇంకోచోట "మూడోదాన్ని ఒక ఫ్రెట్ తగ్గిస్తే మైనర్" అని చదివాను. ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది అడ్డ కడ్డీ, అది తెలుసు. కానీ ఏది మూడోది? మూడో తీగా, మూడో ఫ్రెట్టా, మూడో వేలా? నాది జమాఖర్చులు రాసే ఉద్యోగం. లెక్క తేలకపోతే నిద్ర పట్టదు. దయచేసి లెక్కలాగే చెప్పండి.


దడదడ:

ఎక్కువ ఆలోచించకండి అండి. మేజర్ హ్యాపీ, మైనర్ శాడ్. ఆర్నెల్లు వాయిస్తే చెవికి అదే వస్తుంది. షేప్స్ బట్టీ పట్టెయ్యండి.


మూడోతీగ:

లెక్కలమనిషి గారూ, "మూడో తీగా, మూడో ఫ్రెట్టా, మూడో వేలా" దగ్గర నవ్వు ఆగలేదు. ఎందుకంటే నేను మొదటి ఏడాదంతా మూడో తీగ అనుకునే బతికాను. నా పేరు చూడండి. పైన దడదడ గారు ఆలోచించొద్దన్నారు గానీ మీరు ఆలోచిస్తున్నది సరైన చోటే.

మూడోది అంటే మూడో స్వరం. కార్డ్ పేరు ఏ అక్షరంతో ఉందో అది ఒకటి. అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. ఏ కార్డ్ అయితే: ఏ ఒకటి, బి రెండు, సి మూడు, డి నాలుగు, ఈ ఐదు. ఇందులో ఒకటి, మూడు, ఐదు కలిపి మోగిస్తే కార్డ్. ఏ, సి, ఈ. మేజర్‌లోనైనా మైనర్‌లోనైనా ఇవే మూడు అక్షరాలు. తేడా మధ్యదాంట్లో ఉంది. ఏ మైనర్‌లో మామూలు సి, ఏ మేజర్‌లో దానికి ఒక ఫ్రెట్ పైనున్న సి షార్ప్.

మీకు లెక్క కావాలన్నారు కదా. ఒకటి నుంచి మూడుకి మేజర్‌లో 4 ఫ్రెట్లు, మైనర్‌లో 3. ఒకటి నుంచి ఐదుకి రెండింట్లోనూ 7. అంటే మేజర్ 4+3, మైనర్ 3+4. మొత్తం మారలేదు, పద్దు ఈ కాలమ్‌లోంచి ఆ కాలమ్‌లోకి వెళ్ళింది. మైనర్ అన్నది లాటిన్ మాట, చిన్నది అని అర్థం. ఇక్కడ చిన్నదయింది ఆ మొదటి దూరమే. మనిషి మనసుకీ ఆ పేరుకీ చుట్టరికం లేదు.

ఇప్పుడు గిటార్ తీసుకోండి, కార్డ్ పట్టకండి. అన్నిటికన్నా సన్న తీగ, అంటే ఒకటో తీగ, అదొక్కటే మీటండి. ఏ వేలూ పెట్టకుండా ఒకసారి, నాలుగో ఫ్రెట్ నొక్కి ఒకసారి, ఏడో ఫ్రెట్ నొక్కి ఒకసారి. ఈ, జి షార్ప్, బి. ఇది ఈ మేజర్, విడివిడిగా. మళ్ళీ అదే చెయ్యండి, నాలుగు బదులు మూడో ఫ్రెట్. ఈ, జి, బి. ఇది ఈ మైనర్. ఒక పదిసార్లు అటూ ఇటూ వాయించి, ఆ మధ్య స్వరం దగ్గర గొంతు కలపండి. గొంతు బాగుండక్కర్లేదు. గొంతులో ఒకసారి ఆ మెట్టు దిగితే చెవి ఇక మర్చిపోదు.

ఆ తర్వాతే అసలు సంగతి. మీరు చెప్పిన ఈ, ఏ, డి కార్డ్స్‌లో, మేజరైనా మైనరైనా, ఆ మూడో స్వరం ఒకే ఒక్క తీగ మీద ఉంటుంది. ఈ మైనర్‌లో ఆరు తీగలూ మోగుతాయి: ఈ, బి, ఈ, జి, బి, ఈ. మూడు ఈలు, రెండు బిలు, జి ఒక్కటే. ఆ జి వేలు పెట్టని మూడో తీగ. దాని మీద మొదటి ఫ్రెట్ నొక్కితే జి షార్ప్ అయి ఈ మేజర్ వస్తుంది. ఏ మైనర్‌లో లావు తీగ వదిలేస్తాం, మిగిలిన ఐదూ ఏ, ఈ, ఏ, సి, ఈ. సి ఒక్కటే, రెండో తీగ మొదటి ఫ్రెట్. డి మైనర్‌లో నాలుగు తీగలే: డి, ఏ, డి, ఎఫ్. ఆ ఎఫ్ సన్న తీగ మొదటి ఫ్రెట్ మీద.

ఇన్ని తీగలు గోల చేస్తున్నా ఇది మైనర్ అని చెప్పేది ఆ ఒక్క తీగే. అది పలకకపోతే సాక్షి రాని కేసు.

కాబట్టి మీ లెక్క తేలాలంటే ఒక పని చెయ్యండి. కార్డ్ పట్టుకుని గీయకండి. ఒక్కో తీగ విడిగా మీటి, ఏది పలికింది, ఏది టక్ మంది, రాసి ఇక్కడ పెట్టండి. ఇంకొకటి, ఈ మైనర్‌ని మధ్య వేలు, ఉంగరపు వేలుతో పట్టండి, ఐదో తీగ, నాలుగో తీగ, రెండూ రెండో ఫ్రెట్. అప్పుడు చూపుడు వేలు ఖాళీగా ఉంటుంది. దాన్ని మూడో తీగ మొదటి ఫ్రెట్ మీద పెడుతూ తీస్తూ ఉంటే మేజర్, మైనర్, మేజర్, మైనర్ అని వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను అరగంట అదే చేశాను, ఇంట్లోవాళ్ళు తలుపేసుకున్నారు.


లెక్కలమనిషి:

మూడోతీగ గారూ, మీరు చెప్పినట్టే రాసుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో తీగ మూడేసిసార్లు.

ఈ మైనర్, నేను మామూలుగా పట్టే పద్ధతిలో, చూపుడు వేలూ మధ్య వేలూ. ఆరు తీగలూ పలికాయి.

ఏ మైనర్. ఐదు పలికింది, నాలుగు పలికింది, మూడు పలికింది. రెండు, టక్. ఒకటి పలికింది.

డి మైనర్. నాలుగు, మూడు, రెండు పలికాయి. ఒకటి, టక్.

అనుమానం వచ్చి డి మేజర్ కూడా చూశాను. ఒకటి, టక్!

అంటే ఏడు వారాలుగా నేను డి మేజర్ అనుకుని వాయించినదీ, డి మైనర్ అనుకుని వాయించినదీ ఒకటే. డి, ఏ, డి. కళ్ళు మూసుకుంటే తేడా తెలియట్లేదని నా చెవిని తిట్టుకున్నాను, పాపం. తేడా అసలు లేనే లేదు. ఏ మైనర్‌లో వట్టి బిందె ఎందుకు వినిపించిందో కూడా తెలిసింది. ఏ, ఈ, ఏ, ఈ. అవతలి ఏ మేజర్‌లో సి షార్ప్ శుభ్రంగా పలుకుతోంది.

కానీ మీరు చెప్పిన రెండో పని నా కొంప ముంచింది. ఈ మైనర్‌ని మధ్య వేలు, ఉంగరపు వేలుతో పట్టగానే మూడో తీగ టక్ మంటోంది. ఉన్న ఒక్క మంచి కార్డ్ కూడా పోయింది. ఇప్పుడేం చెయ్యను?


బెంచి మీద గిటార్:

గిటార్లు బాగుచేస్తాను, పాఠాలు చెప్పను. కానీ ఈ పద్దు చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతోంది.

ఏ మైనర్‌లో మూడో తీగ మీద ఏ వేలు? ఉంగరపు వేలు. చచ్చింది దాని కింది తీగ. డి మైనర్లో రెండో తీగ మూడో ఫ్రెట్ ఏ వేలు? ఉంగరపు వేలు. చచ్చింది దాని కింది తీగ. డి మేజర్ అదే. ఈ మైనర్ ఉంగరపు వేలు లేనన్నాళ్ళూ బాగుంది, అది రాగానే దాని కింది తీగ పోయింది. మీ ఉంగరపు వేలు నిటారుగా దిగట్లేదమ్మా. కింది తీగ మీదకి ఒరుగుతోంది. తన తీగ తను బాగానే నొక్కుతుంది, పక్కవాడి నోరు మూస్తుంది.

అందరికీ ఆ వేలితోనే ఎక్కువ పేచీ. వేళ్ళు పైకెత్తే స్నాయువులు, అంటే కండరాల తాళ్ళు, చేతి వెనకవైపు ఒకదానికొకటి కలిసి ఉంటాయి, అందులో ఉంగరపు వేలికి స్వేచ్ఛ తక్కువ. బల్ల మీద అరచెయ్యి బోర్లించి, మధ్య వేలు లోపలికి ముడిచి, ఉంగరపు వేలు ఎత్తి చూడండి.

ఇప్పుడొక ప్రశ్న. కళ్ళజోడు పెట్టుకుని అన్నారు. వాయించేటప్పుడు ఫ్రెట్లు కనబడాలని గిటార్ ముఖం పైకి తిప్పి ఒళ్ళో పడుకోబెడుతున్నారా?


లెక్కలమనిషి:

అవునండి. ఎలా తెలిసింది? లేకపోతే ఏ తీగ మీద వేలు పెడుతున్నానో కనబడదు.


బెంచి మీద గిటార్:

మొదట్లో అందరూ చేసేదే. గిటార్ అలా వాలితే మీ మణికట్టు అవతలికి మెలి తిరుగుతుంది. వేళ్ళు కొసల మీద కాకుండా మెత్తటి భాగం మీద పడతాయి. గిటార్ నిలబెట్టండి, ముఖం ఎదుటి గోడకి. మీకు ఫ్రెట్లు కనబడవు, పక్క అంచున చుక్కలు కనబడతాయి, అవి చాలు. మెడ చివర కొంచెం పైకి, మీ భుజం ఎత్తుకి దగ్గరగా. బొటనవేలు మెడ వెనక, మధ్య వేలికి ఎదురుగా. మెడ మీదుగా పైకి పొడుచుకు రానివ్వద్దు. అరచేతికీ మెడకీ మధ్య సందు ఉండాలి. మోచెయ్యి కాస్త ముందుకి తెండి, ఉంగరపు వేలు దానంతటదే లేస్తుంది. వేలు ఫ్రెట్ కడ్డీకి ఆనుకుని వెనకవైపు, కడ్డీ మీద కాదు. ఎడమచేతి గోళ్ళు మొదలంటా కత్తిరించండి. గోరు ఉంటే వేలు నిటారుగా దిగలేదు, ఒరగక తప్పదు.

ఇంకొకటి చూడండి, ఇది మీ తప్పు కాకపోవచ్చు. మెడ చివర తీగలు కూర్చునే తెల్లటి పట్టీ ఉంటుంది కదా, నట్. అందులో గాళ్ళు తక్కువ లోతుగా ఉంటే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా ఉంటుంది, నొక్కడానికి చాలా బలం కావాలి. ఏ మైనర్, డి మైనర్ రెండూ మొదటి ఫ్రెట్‌లో వేలున్నవే. రెండో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ కడ్డీ పైన తీగ ఎంత ఎత్తులో ఉందో చూడండి. వెంట్రుకంత సందు ఉంటే మంచిది. మందపాటి అట్ట దూరేంత ఉంటే నట్ సరిచేయించుకోండి. సొంతంగా ఆకురాయి పెట్టకండి, ఒక గీత ఎక్కువ దిగితే తీగ గరగరమంటుంది, ఆ తర్వాత నట్ మార్చాలి.

ఈలోపు కేపో (మెడ మీద అన్ని తీగల్నీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) ఉంటే రెండో ఫ్రెట్ మీద బిగించి అవే కార్డ్స్ పట్టండి. కేపోయే నట్ అయిపోతుంది, తీగలు కిందకి దిగుతాయి, ఫ్రెట్లూ కాస్త దగ్గరవుతాయి. పేర్లు మారతాయి, ఏ మైనర్ ఆకారం బి మైనర్‌గా పలుకుతుంది, కంగారు పడకండి.


గాంధారం:

వయొలిన్ నుంచి గిటార్‌కి వచ్చినదాన్ని, ఒక మాట. మూడోతీగ గారు మూడో స్వరం అన్నది సరిగమల్లో గ. 4 ఫ్రెట్ల దూరం అంతర గాంధారం, 3 ఫ్రెట్ల దూరం సాధారణ గాంధారం. శంకరాభరణంలో మొదటిది, ఖరహరప్రియలో రెండోది. కార్డ్స్ పుస్తకం తెరవక ముందే మన చెవికి ఈ తేడా తెలుసు. ఖరహరప్రియ విని అందరూ ఏడుస్తున్నారా? మైనర్‌లో దూకుడు పాటలున్నాయి, డాన్స్ పాటలున్నాయి. వేగం, తాళం, ఏ ఎత్తులో వాయించారు అన్నవన్నీ కలిస్తేనే భావం. ఒక్క కార్డ్ మీద అంత బరువు మోపొద్దు.

ఇంకో జాగ్రత్త. అలవాటు కొద్దీ నేను చేసిన వెధవపని ఇది. ఈ మేజర్ నా చెవికి కాస్త పదునుగా అనిపించి, అందులో గ ఉన్న మూడో తీగని తియ్యగా వినిపించేదాకా పిసరు దించాను. ఈ మేజర్ అమృతం. వెంటనే ఈ మైనర్ వాయిస్తే భరించలేకపోయాను. గిటార్లో ఒక ఫ్రెట్ దూరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు. మేజర్ గాంధారం 5:4 నిష్పత్తిలో ఉంటే చెవికి హాయి, కానీ గిటార్ ఫ్రెట్లు దాన్ని 14 సెంట్లు ఎక్కువగా పలికిస్తాయి. మైనర్ గాంధారం 6:5 ఉండాలి, దాన్ని 16 సెంట్లు తక్కువగా పలికిస్తాయి. ఒకదానికోసం తీగ దించితే రెండోది, ఇప్పటికే తక్కువున్నది, ఇంకా దిగిపోతుంది. వయొలిన్‌లో వేలు జరుపుకుంటాం, ఇక్కడ కడ్డీ జరగదు. ట్యూనర్ ఎక్కడుంచమంటే అక్కడే ఉంచెయ్యండి.


మూడోతీగ:

గాంధారం గారు ఆ 14, 16 చెప్పాక నా మూడో తీగ మీద నాకున్న పాత కోపం కొంచెం తగ్గింది.

లెక్కలమనిషి గారూ, ఏ, ఈ, ఏ, ఈ అని రాశారే, దానికీ పేరుంది. మూడో స్వరం లేని ఒకటి, ఐదులని పవర్ కార్డ్ అంటారు, పాటలో కార్డ్స్ రాసిన చార్టులో అక్షరం పక్కన 5 రాస్తారు. రాక్ వాళ్ళు కావాలని వాయిస్తారు. డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టినప్పుడు మూడో స్వరం ఉంటే బురదగా వినిపిస్తుంది కాబట్టి తీసేస్తారు. మీరు ఏడు వారాలుగా తెలియకుండా రాక్ వాయిస్తున్నారు.


దడదడ:

అయితే నేను కరెక్ట్‌గా వాయిస్తున్నానో లేదో కూడా ఇప్పుడు డౌటొచ్చింది. డి మైనర్ చెక్ చేశా. సన్న తీగ టక్. రెండేళ్ళయింది నేను మొదలుపెట్టి. ఏం మాట్లాడను.


లెక్కలమనిషి:

దడదడ గారూ, మీ పోస్ట్ చదివి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

నాలుగు రోజులు గిటార్ నిలబెట్టి వాయించాను. మొదటి రోజు ఏదీ పలకలేదు, ముందు పలికినవి కూడా. రెండో రోజు అద్దం ముందు కూర్చున్నాను. అద్దంలో చూస్తే ఉంగరపు వేలి చివరి కణుపు లోపలికి విరిగినట్టు వంగిపోయి ఉంది, చదునుగా. తీగ గట్టిగా నొక్కాలని అంత బలం పెడుతుంటే కణుపు లొంగిపోతోంది. బలం తగ్గించాను. వేలు తీగకి ఆనించి, పలికేదాకా కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ వెళ్తే, నేను పెట్టేదాంట్లో సగం కూడా అక్కర్లేదని తెలిసింది. నట్ దగ్గర సందు వెంట్రుకంతే, అంటే మా అమ్మాయి గిటార్ తప్పు లేదు.

ఏ మైనర్‌లో రెండో తీగ మొన్న రాత్రి పలికింది. సి. ఒక్కటే పదిసార్లు మీటాను. తర్వాత అన్నీ కలిపి గీశాను, లావు తీగ తగలకుండా. దీపం వెయ్యని గది వెలుతురు ఇందులోనూ ఉంది.

రెండు అనుమానాలు మిగిలాయి. ఏ మైనర్ నుంచి సికి మారేటప్పుడు మొత్తం చెయ్యి ఎత్తేసి మళ్ళీ పెడుతున్నాను, ఏడు వారాల అలవాటు. ఇంకో దారుందా? రెండోది, ఏ మైనర్‌లో ఉన్న ఒక పాట చార్ట్ చూస్తే అందులో ఏ మైనర్, డి మైనర్, తర్వాత ఈ మేజర్ ఉంది. ఈ మైనర్ ఉండాలి కదా? అచ్చుతప్పా?


మూడోతీగ:

మొదటిదానికి. ఏ మైనర్ పట్టండి. చూపుడు వేలు, మధ్య వేలు కదపకండి. ఉంగరపు వేలు ఒక్కటే మూడో తీగ మీంచి తీసి, ఐదో తీగ మూడో ఫ్రెట్ మీదకి చాపండి. సి వచ్చేసింది. ఏ మైనర్ అంటే ఏ, సి, ఈ. సి మేజర్ అంటే సి, ఈ, జి. మూడింట్లో రెండు ఉమ్మడి ఆస్తి, అందుకే రెండు వేళ్ళు ఉన్నచోటే ఉంటాయి. ఈ మైనర్‌కీ జి మేజర్‌కీ ఇదే బంధుత్వం: ఈ, జి, బి, అవతల జి, బి, డి. మేజర్ ఏదైనా సరే, దానికి 3 ఫ్రెట్లు కిందున్న మైనర్ దాని చుట్టం. దారిలో ఇంకోటి కూడా దొరుకుతుంది. ఉంగరపు వేలు ఎత్తి, ఇంకా ఎక్కడా పెట్టకముందు గీయండి. అది ఏ మైనర్ సెవెన్. పొరపాటున పుట్టినట్టుంటుంది కానీ పనికొచ్చే కార్డ్.

ఇంకో వరుస. ఈ మేజర్ పట్టుకున్న మూడు వేళ్ళూ అలాగే, ఒక్కో తీగ కిందకి జరిపితే ఏ మైనర్. ఇది తెలిశాక మీ రెండో ప్రశ్న వేళ్ళకి తేలికవుతుంది.

అచ్చుతప్పు కాదు. చార్ట్‌లో అక్షరం పక్కన చిన్న ఎమ్ ఉంటే మైనర్, ఏమీ లేకపోతే మేజర్, అక్కడ కావాలనే రాయలేదు. ఏ మైనర్ పాటలో చివరికి ఏకి చేరాలి. ఈ మైనర్లో జి ఉంటుంది, ఏకి 2 ఫ్రెట్ల దూరం. ఈ మేజర్లో జి షార్ప్, ఒక్క ఫ్రెట్ దూరం. వీధి చివర నిలబడితే ఇంటికి పోవాలనిపించకపోవచ్చు, గుమ్మంలో నిలబడి ఆగలేం కదా. ఈ మేజర్ గీసి ఆపేయండి, పది సెకన్లు ఏమీ వాయించకుండా కూర్చోండి. మీ చెయ్యే ఏ మైనర్‌కి వెళ్తుంది.


గాంధారం:

కాకలి నిషాదం, అంటే సకి ఒక్క ఫ్రెట్ కిందున్న ని. ఏని షడ్జమం (స) అనుకుంటే ఆ జి షార్ప్ అదే. నఠభైరవి రాగానికి ఆ ఒక్క నిషాదం మారిస్తే కీరవాణి రాగం. చార్ట్ రాసినాయన కీరవాణి రాశాడు, అచ్చుతప్పు కాదు.


దడదడ:

ఈ మేజర్ గీసి ఆపి కూర్చున్నా. నాలుగు సెకన్లు.


లెక్కలమనిషి:

పది రోజుల తర్వాత పద్దు అప్పజెప్పడానికి వచ్చాను.

నిన్న రాత్రి మా అమ్మాయి ఫోన్ చేస్తే, ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచి, ఏమీ చెప్పకుండా ఒక కార్డ్ గీశాను. తను చిన్నప్పుడు అయిదేళ్ళు నేర్చుకుంది. ఒక క్షణం ఆగి "ఏ మైనరా?" అంది. ఆ తర్వాత "ఎవరు వాయిస్తున్నారమ్మా?" అంది. ఇంట్లో ఇంకెవరున్నారు చెప్పండి.

పొంగిపోయి ఈ మేజర్ గీసి ఆపాను. మూడోతీగ గారి మాట నిజమే, అవతల్నుంచి "ఊఁ, తర్వాత?" అంది. ఏ మైనర్‌కి వచ్చాను. సి కూడా, రెండు వేళ్ళు కదపకుండా. ఇక ఊరుకుంటే బాగుండేది. డి మైనర్ కూడా వినిపించాను.

"ఇదేంటో తెలియట్లేదు. డి ఏదో... మేజరా?" అంది.

సన్న తీగ మీటి చూశాను. టక్.

చిటికెన వేలుతో రెండో తీగ నొక్కమంది. ఉంగరపు వేలు మానేసి చిటికెన వేలుతో డి మైనర్ పట్టుకోవడం చాలామంది చేస్తారట. ఇవాళ పొద్దున చేసి చూశాను, నాలుగుసార్లలో మూడుసార్లు ఎఫ్ పలికింది. ఇది మంచి అలవాటేనా, తర్వాత ఇబ్బంది పడతానా? బెంచి మీద గిటార్ గారు పాఠాలు చెప్పనన్నారు గానీ, ఈ ఒక్కటీ చెప్పండి.


బెంచి మీద గిటార్:

ఏ వేలు అని తీగ అడగదు. ఎఫ్ పలికితే అది డి మైనరే. చిటికెన వేలే వాడండి.